సినిమా పాట కాని పాటని పట్టుకోవడం, దాని గురించి నాలుగు ముక్కలు రాయడం ఎలా

పాటలు వినే యాప్ తెరవగానే పైన కనబడేవి మీకోసం ఎవరో కూర్చుని ఏరిపెట్టినవి అనుకోకండి. మీరు ఇప్పటిదాకా విన్నవి, మీలాంటివాళ్ళు విన్నవి కలిపి లెక్కేసి యాప్ చూపిస్తుందంతే. తెలుగులో ఈ లెక్క మరీ మొండిగా ఉంటుంది, ఎందుకంటే మనం వినేదాంట్లో ఎక్కువ భాగం సినిమా పాటే, కాబట్టి ఎటు తిప్పినా తెచ్చి మళ్ళీ సినిమా పాట ముందే కూర్చోబెడుతుంది. ఎవరో ఒకమ్మాయి వరంగల్‌లో తన గదిలో రాసుకుని, పాడుకుని, గొంతూ వాయిద్యాలూ తనే కలిపి మిక్స్ చేసి పెట్టిన పాట ఆ లెక్కలోకి రావాలంటే ముందు దాన్ని కొందరైనా విని ఉండాలి, వినాలంటే ముందు కనబడాలి, ఇదొక తిరకాసు. అలాంటి పాట మీదాకా రావాలంటే రెండే దారులు. మీరే వెతుక్కోవాలి, లేదా ఇంకో మనిషి మీకు చెప్పాలి. ఈ రెండూ ఎలాగో, విన్నాక మీరే ఆ చెప్పే మనిషి అవ్వడం ఎలాగో కింద రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా తెలుగువే, కానీ మీకు ఐస్‌లాండ్ ఎలక్ట్రానిక్ ఇష్టమైనా, షిల్లాంగ్ రాక్ ఇష్టమైనా పద్ధతి ఇదే.

ముందు, వెతికే మాటలు మార్చండి

సెర్చ్‌లో "తెలుగు ఇండిపెండెంట్ మ్యూజిక్" అని కొడితే పెద్దగా ఏమీ దొరకదు, పాట చేసేవాళ్ళలో చాలామంది తమ పాటకి ఆ పేరు పెట్టుకోరు మరి. మన దగ్గర గ్రామఫోన్ రోజుల నుంచీ సినిమాలో లేని పాటంటే ప్రైవేట్ పాటే, ఘంటసాల పద్యాల రికార్డుల్ని కూడా అలాగే అనేవాళ్ళు. ఇప్పటికీ యూట్యూబ్‌లో టైటిల్ చివర "ప్రైవేట్ సాంగ్" అనో "ఫోక్ సాంగ్" అనో తగిలిస్తారు. గిటార్, డ్రమ్స్ పెట్టుకుని పాడే బ్యాండ్ల వాళ్ళు "ఇండీ" (ఇండిపెండెంట్‌కి పొట్టి పేరు) అనో "ఒరిజినల్" అనో రాస్తారు. ర్యాప్ వాళ్ళని పట్టుకోవాలంటే "తెలుగు ర్యాప్", "తెలుగు హిప్ హాప్", "సైఫర్" (కొందరు కలిసి వంతులవారీగా చేసే ర్యాప్) అని వెతకండి. ఆకాశవాణి కాలపు రుచి ఉన్నవాళ్ళు "లలిత సంగీతం", "భావగీతం" అని కొడితే ఇప్పటికీ కొత్తగా బాణీలు కట్టి పెడుతున్నవాళ్ళు కనిపిస్తారు, వాళ్ళని ఎవరూ ఇండీ అనరు గానీ నా లెక్కలో వాళ్ళూ ఇండీయే, కంపెనీ లేదు, సినిమా లేదు, సొంత ఖర్చు.

స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. హైదరాబాద్‌లో చౌరస్తా అని ఒక బ్యాండ్ ఉంది, ఆ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో మీరు రాసే తీరూ వాళ్ళు రాసుకున్న తీరూ ఒకటి కాకపోవచ్చు. త పక్కన హెచ్ పెట్టాలా, దీర్ఘానికి ఏ రెండుసార్లు కొట్టాలా, ఒకటే చాలా. అందుకని ఒక పేరు దొరకలేదంటే పాట లేదని తీర్మానించేయకండి, రెండు మూడు స్పెల్లింగులు మార్చి చూడండి, ఆ తర్వాత తెలుగు లిపిలో కూడా కొట్టి చూడండి. తెలుగు లిపిలో వెతికితే వచ్చే ఫలితాలు వేరేగా ఉంటాయి, ముఖ్యంగా జానపదాల విషయంలో. పాటలో ఒక్క లైను గుర్తున్నా చాలు, ఆ లైనే తెలుగులో కొట్టండి.

యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఫిల్టర్‌లో ఈ వారం, ఈ నెల ఎక్కించినవి మాత్రమే వచ్చేలా పెట్టుకోండి. లేకపోతే ఎక్కువ వ్యూస్ ఉన్నవే పైకి తేలుతాయి, మీరు వెతుకుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకమైనది.

పాట కింద రాసింది చదవండి

ఇది ఎవరూ చేయరు, కానీ నన్నడిగితే వెతకడంలో సగం పని ఇక్కడే అయిపోతుంది. యూట్యూబ్‌లో కొన్ని పాటలకి వీడియో ఉండదు, ఉత్త కవర్ బొమ్మ ఉంటుంది, ఛానల్ పేరు చివర "టాపిక్" అని ఉంటుంది. అవి యూట్యూబ్ తనంతట తను తయారుచేసే పేజీలు. వాటి డిస్క్రిప్షన్ మొదటి లైనులో ఈ పాటని యూట్యూబ్‌కి ఎవరు అందించారో రాసి ఉంటుంది. అక్కడ డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ లాంటి పేరు కనబడితే, చాలావరకు ఆ పాటని కళాకారులే సొంతంగా ఎక్కించారని అర్థం, ఎందుకంటే అవి ఎవరైనా డబ్బు కట్టి వాడుకునే సర్వీసులు. ఇంకాస్త కిందికి వెళ్తే సున్నా మధ్యలో పీ అక్షరం గుర్తు, పక్కన సంవత్సరం, ఒక పేరు ఉంటాయి. ఆ రికార్డింగ్ ఎవరి సొత్తో చెప్పే లైను అది. కళాకారుడి పేరే ఉంటే మంచిది, పెద్ద మ్యూజిక్ కంపెనీ పేరుంటే అది సినిమా పాట కాకపోవచ్చు గానీ సొంత పాట కూడా కాదు. పెద్ద కంపెనీలు ఇప్పుడు హీరోయిన్లని పెట్టి సింగిల్స్, అంటే విడి పాటలు, వదులుతున్నాయి కదా, అవి బాగుండవని కాదు, వాటికి మీ కామెంట్‌తో పెద్ద అవసరం లేదు.

స్పాటిఫైలో అయితే పాట పక్కన మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ తెరవండి. రాసిందెవరు, పాడిందెవరు, ప్రొడ్యూస్ చేసిందెవరు అని ఉంటుంది. పాట నచ్చితే పాడినవాళ్ళని ఫాలో అవడం అందరూ చేసేదే, మీరు ప్రొడ్యూసర్ పేరు పట్టుకోండి. ఒకే మనిషి నలుగురైదుగురు కొత్తవాళ్ళకి చేసిపెడుతుంటాడు, ఒక పేరుతో ఐదు గొంతులు దొరుకుతాయి.

తెలంగాణ జానపదాల్లో ఈ చిట్కా ఇంకా బాగా పనిచేస్తుంది. డిస్క్రిప్షన్‌లో రచన, గానం, సంగీతం, కోరస్, కెమెరా, ఎడిటింగ్ అని బారుగా రాసి ఉంటుంది, డ్యాన్స్ చేసినవాళ్ళ పేర్లు అన్నిటికంటే పైన ఉంటాయి. పాడేవాళ్ళు మారుతుంటారు, సంగీతం చేసే చేతులు మాత్రం కొన్నే, రెండు మూడు పాటలు నచ్చాక ఆ పేర్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇంకో మాట కూడా చూడండి, రచన అని ఉందా, సేకరణ అని ఉందా. సేకరణ అంటే ఎవరో ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర విని తెచ్చిన పాట. ఎవరి దగ్గర సేకరించారో కూడా రాసినవాళ్ళుంటే వాళ్ళకి నా ఓటు ఎప్పుడూ ఉంటుంది. మీ అమ్మమ్మ నాట్లప్పుడు పాడిన పాటకి ఎవరో రచన అని తన పేరు వేసుకుంటే, అది మీరు అభిప్రాయంలో రాయాల్సిన విషయమే, దాని సంగతి తర్వాత చెప్తాను.

తర్వాత మనుషుల వెంట పడండి

పాట నుంచి పాటకి వెళ్తే మిషన్ చూపించిన దారే, మనిషి నుంచి మనిషికి వెళ్తే దారి మారుతుంది. దీనికి అన్నిటికంటే బాగా కుదిరిన చోటు బ్యాండ్‌క్యాంప్. 2008లో మొదలైంది, కళాకారులు నేరుగా తమ ఆల్బమ్స్ అమ్ముకునే చోటు. ఒక ఆల్బమ్ పేజీ తెరిస్తే కొన్నవాళ్ళ చిన్న చిన్న ఫొటోలు వరసగా ఉంటాయి, కొందరు రెండు లైన్లు రాసి, తమకి ఎక్కువ నచ్చిన ట్రాక్ ఏదో కూడా చెప్తారు. వాళ్ళలో ఎవరి మాట మీకు నచ్చిందో వాళ్ళ ఫొటో నొక్కండి, వాళ్ళు కొన్న ఆల్బమ్స్ మొత్తం తెరుచుకుంటాయి. డబ్బు పెట్టి కొన్న మనిషి అభిరుచి అది, లైక్ కొట్టి వదిలేసింది కాదు, అందుకే నేను దాన్ని ఎక్కువ నమ్ముతాను. అక్కడ తెలుగు పాటలు తక్కువే. కానీ ఊరి పేరుతో కూడా వెతకచ్చు కాబట్టి హైదరాబాద్ అని ఒకసారి కొట్టి చూడండి, మన ఊళ్ళో ఇలాంటి శబ్దాలు చేసేవాళ్ళున్నారా అని ఆశ్చర్యపోతారు.

ఎవరైనా పాటలు ఎక్కించుకునే సౌండ్‌క్లౌడ్ సైటులో చూడాల్సింది కళాకారుడి పాటలు కాదు, అతని లైక్స్. తను చేసే సంగీతం ఎలాగూ వింటారు, తను వినే సంగీతం ఏమిటో అక్కడ తెలుస్తుంది. పైగా అక్కడ కామెంట్ పాటలో ఏ క్షణం దగ్గర రాశారో ఆ క్షణం దగ్గరే అతుక్కుని ఉంటుంది, జనం ఎక్కడ ఆగారో పాట నడుస్తుండగానే కనబడుతుంది.

స్పాటిఫైలో కళాకారుడి పేజీ కిందికి వెళ్తే, వినేవాళ్ళు అతన్ని ఏ ప్లేలిస్టుల్లో కనుక్కున్నారో చూపించే చోటు ఒకటుంది. కంపెనీ చేసిన పెద్ద ప్లేలిస్టుల్ని వదిలేసి, మామూలు మనుషులు చేసుకున్నవి తెరవండి. "రాత్రి బస్సు" లాంటి పేరు పెట్టి నలభై పాటలు పోగేసుకున్నవాడు మీ మనిషి. మీరు విన్నదాన్ని బట్టి స్పాటిఫై తయారుచేసి ప్రతి సోమవారం ఇచ్చే డిస్కవర్ వీక్లీ ప్లేలిస్టులో ముప్పై పాటలుంటాయి, అది పనికొస్తుందా అంటే మీరు దానికి ఏం తినిపించారన్న దాన్ని బట్టి. ఇంట్లో ఒకే ఫోన్‌లో పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం పిల్లలకి రైమ్స్, సాయంత్రం మీ పాటలు నడిస్తే అది మాత్రం ఏం చేస్తుంది పాపం. మీవి కానివి పెట్టేటప్పుడు సెట్టింగ్స్‌లో ప్రైవేట్ సెషన్ ఆన్ చేయండి.

లాస్ట్ ఎఫ్ఎం అని పాత సైటు ఒకటుంది, 2002 నుంచి నడుస్తోంది. మీరు విన్న ప్రతి పాటనీ రాసిపెట్టుకుంటుంది, స్పాటిఫైకి కలుపుకుంటే చాలు. మీలాగే వినేవాళ్ళెవరో చూపిస్తుంది. దీంట్లో ఆ ఒక్క పనికే ఖాతా తెరవచ్చు, మిగతాది పట్టించుకోనక్కర్లేదు.

బయటి సంగీతం కావాలంటే సియాటిల్ రేడియో కేఈఎక్స్‌పీ వాళ్ళ లైవ్ వీడియోలు, లండన్ ఎన్‌టీఎస్ రేడియో, ఈ రెండూ చాలు మొదలుపెట్టడానికి. పక్క రాష్ట్రం చూడాలంటే కేరళ కప్పా టీవీ వాళ్ళ మ్యూజిక్ మోజో పాత ఎపిసోడ్లు వెతకండి, తైక్కూడం బ్రిడ్జ్ లాంటి బ్యాండ్ అందరికీ తెలిసింది దాంతోనే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళయితే బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక కేంద్రం లాంటి చోట్ల జరిగే ప్రోగ్రాంల లిస్టు చూస్తూ ఉండండి. వెళ్ళడం కుదరకపోయినా ఆ పేర్లు రాసుకుని ఆన్‌లైన్‌లో వెతకచ్చు.

రాసే ముందు వినండి, ఫోన్ స్పీకర్‌లో కాదు

ఫోన్ స్పీకర్‌లో బేస్ గిటార్ దాదాపు వినబడదు, డప్పు టపటపమంటుంది. అందులో విని మిక్సింగ్ బాలేదని రాసేవాళ్ళు ఎక్కువైపోయారు. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. మొదటిసారి ఏమీ చేయకుండా వినండి, రెండోసారి ఏదో పని చేసుకుంటూ వినండి, రెండు రోజులాగి మూడోసారి వినండి. కొన్ని పాటలు మొదటిసారికే మీద పడిపోయి మూడోసారికి ఖాళీ అవుతాయి, కొన్నిటికి దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, అది తెలియకుండా రాసిన అభిప్రాయం మీకే తర్వాత ఇబ్బందిగా ఉంటుంది. కామెంట్లు ముందు చదవకండి. చదివితే వాళ్ళ చెవులతో వింటారు.

వినేటప్పుడు టైం రాసుకోండి. 1:10 దగ్గర ఏదో అయింది, 2:45 దగ్గర గొంతు వణికింది, అంతే, వివరణ తర్వాత. అదే కళాకారులవి ఇంకో రెండు పాటలైనా విన్నాకే రాయండి, లేకపోతే వాళ్ళ అలవాటుని ఈ పాట ప్రత్యేకత అనుకుంటారు. ఇంట్లో రికార్డ్ చేసిన పాటల్లో ఫ్యాన్ చప్పుడో, వీధిలో హారన్నో వినబడచ్చు, అది రికార్డింగ్ లోపం, పాట లోపం కాదు, ఈ రెండూ విడదీసి చూడటం వస్తే మీరు సగం దారి దాటేసినట్టే.

ఇక రాయడం

"సూపర్ అన్నా", "నెక్స్ట్ లెవెల్", "గూస్‌బంప్స్", మూడు ఫైర్ ఎమోజీలు. ప్రేమతో పెట్టినవే, వద్దనను, పాట చేసినవాళ్ళకి ఆ రోజు అన్నం సహిస్తుంది. కానీ పాట వినాలా వద్దా అని చూస్తున్న మూడో మనిషికి వీటితో ఏమీ తెలియదు, చేసినవాళ్ళకి తర్వాతి పాటలో ఏం ఉంచాలో ఏం తీసేయాలో కూడా తెలియదు. కల్పించిన పాట మీద ఒక ఉదాహరణ రాస్తాను చూడండి:

"పండక్కి ఊరొచ్చి, ఇల్లు అమ్మేశారని అక్కడే తెలుసుకున్న కొడుకు పాట. 1:10 దాకా ఒక్క గిటారే, అక్కడ డప్పు మొదలవుతుంది, ఆ మొదటి దెబ్బ భలే ఉంది. కానీ డప్పు వచ్చాక గొంతు కిందికి వెళ్ళిపోయింది, రెండో చరణంలో సగం మాటలు నాకు అందలేదు. పల్లవి పుస్తక భాషలో ఉంది, చరణాలు నల్గొండ యాసలో ఉన్నాయి, నాకు చరణాలే నిజమనిపించాయి. రాత్రి ప్రయాణాల్లో వినేవాళ్ళకి నచ్చుతుంది, డ్యాన్స్ పాట అనుకుని వస్తే నిరాశపడతారు."

ఇందులో విశేషణాలు దాదాపు లేవు. పాట దేని గురించో వినని మనిషికి తెలిసింది, ఎక్కడ ఆగి వినాలో టైంతో సహా తెలిసింది, కుదరనిది ఏమిటో కారణంతో తెలిసింది, ఎవరికి పనికొస్తుందో తెలిసింది. చేసినవాళ్ళకి కూడా డప్పు వచ్చినప్పుడు గొంతు పైకి లేపాలని తెలిసింది. మీరు సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు, రాగం పేరు తెలియకపోతే వాడకండి, "సాయంత్రం గుళ్ళో వినబడే బాణీలా ఉంది" అంటే అందరికీ అర్థమవుతుంది, తప్పుడు రాగం పేరు రాస్తే మాత్రం కింద పది మంది దాని మీద కొట్టుకుని పాట సంగతి మర్చిపోతారు.

సినిమా సంగీత దర్శకులతో పోల్చకండి. "రెహమాన్ గుర్తొచ్చాడు" అంటే పొగడ్తలా ఉంటుంది గానీ చదివేవాళ్ళకి ఏమీ చేరదు, ఏ రెహమాన్, ఎప్పటి రెహమాన్. పోల్చాలనిపిస్తే ఇంకో సొంత పాటతో పోల్చండి, కనీసం చదివినవాళ్ళకి రెండో పేరు దొరుకుతుంది. యాస మీద జోకులు వద్దు. శ్రీకాకుళం యాసలో ర్యాప్ చేస్తే నవ్వొచ్చిందని రాసేవాళ్ళున్నారు, ఇంగ్లీషు యాసలో తెలుగు పాడితే మాత్రం స్టైలిష్ అంటారు. మాటలు అర్థం కాలేదంటే అర్థం కాలేదని రాయండి, అది వేరు.

స్టార్లు ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి. రేట్ యువర్ మ్యూజిక్ 2000లో మొదలైంది, అక్కడ అర స్టార్ నుంచి ఐదు దాకా ఇవ్వచ్చు. ఇస్తే ఇవ్వండి, కానీ మీ మూడున్నర అంటే మీ దృష్టిలో ఏమిటో ప్రొఫైల్‌లో ఒక లైను రాసిపెట్టండి, కొందరి మూడున్నర మెచ్చుకోలు, కొందరిది తిట్టు. పిచ్‌ఫోర్క్ అని 1990ల మధ్యలో మొదలైన అమెరికా సంగీత పత్రిక పదికి దశాంశాలతో మార్కులు వేసి బ్యాండ్ల తలరాతలు మార్చేది. 2024 జనవరిలో దాన్ని యాజమాన్యం జీక్యూ అనే మగవాళ్ళ ఫ్యాషన్ పత్రిక కిందికి చేర్చేసి చాలామందిని తీసేసింది. జీతం తీసుకుని సంగీతం మీద రాసేవాళ్ళు అక్కడే తగ్గిపోతుంటే తెలుగు సొంత పాట మీద ఎవరో వచ్చి రాస్తారని ఎదురుచూడటం దండగ.

నచ్చనప్పుడు ఏం చేయాలన్నది కాస్త ఆలోచించాల్సిన విషయం. నేను పాటించేది ఇదీ: రెండు వందల వ్యూస్ ఉన్న మొదటి పాటలో శ్రుతి తప్పింది, మిక్స్ కుదరలేదు లాంటివి కనబడితే వాళ్ళకి విడిగా మెసేజ్ పెడతాను, నచ్చింది ఏదైనా ఉంటే అది బయట రాస్తాను, ఏమీ నచ్చకపోతే ఊరుకుంటాను. లక్షల వ్యూస్ వచ్చిన పాటకి ఈ మొహమాటం అక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాయచ్చు. మనిషి రూపం, కులం, ఊరు, ఇంగ్లీషు, ఇవేవీ పాటలో లేవు కాబట్టి అభిప్రాయంలోనూ ఉండకూడదు. ఇందాక చెప్పిన సేకరణ సంగతి, అంటే జనం పాటకి ఎవరో తన పేరు వేసుకోవడం, అది మాత్రం అందరికీ కనబడేలాగే రాయాలి, అయితే ఆధారంతో. పాత రికార్డింగ్ లింకో, జానపద గేయాల పుస్తకంలో పేజీ నంబరో ఇచ్చి, "ఈ పాట ఇంతకుముందు ఇక్కడ ఉంది, క్రెడిట్ సరిచేస్తారా" అని అడగండి. తెలియక చేసినవాళ్ళు సరిచేస్తారు. ఈ మధ్య ఏఐతో చేసిన పాటలు కూడా బాగా పెరిగాయి, గొంతు మిషన్‌లా ఉందని అనుమానం వస్తే క్రెడిట్స్ చూడండి, అడగండి. ఉత్త అనుమానంతో ముద్ర వేయకండి, శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ ఎక్కువ వాడినా అలాగే వినబడుతుంది.

పాట మీ ఫ్రెండ్‌ది అయితే మొదటి లైన్లోనే చెప్పండి. డబ్బులో, ఫ్రీ టికెట్టో తీసుకుని రాస్తున్నా అంతే, మన దేశంలో ప్రకటనల మండలి ఆస్కీ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకి ఆ నియమం పెట్టింది. మీకు ఫాలోవర్స్ లేరు కదా అని వదిలేయకండి, ఒకసారి దొరికిపోతే తర్వాత మీరు నిజంగా మెచ్చుకున్నా ఎవరూ నమ్మరు.

ఎక్కడ పెట్టాలి

ముందు పాట ఉన్న చోటే. యూట్యూబ్ కామెంట్‌లో 1:10 అని రాస్తే అదే లింకు అయిపోతుంది, నొక్కినవాళ్ళు సరిగ్గా అక్కడికే వెళ్తారు. బ్యాండ్‌క్యాంప్‌లో కొన్నవాళ్ళు మాత్రమే రాయగలరు, ఆ రెండు లైన్లు ఆల్బమ్ పేజీలోనే ఉండిపోతాయి కాబట్టి కాస్త మనసుపెట్టి రాయండి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో ట్యాగ్ చేస్తే కళాకారులు మళ్ళీ తమ స్టోరీలో పెట్టుకుంటారు, సంతోషమే, కానీ అది ఒక్క రోజులో మాయమవుతుంది, పెద్దగా రాసినది ఇంకెక్కడైనా నిలిచే చోట పెట్టుకోండి.

వాట్సాప్‌లో ఎంపీత్రీ ఫైలు పంపకండి, లింకు పంపండి. ఫైలు వంద గ్రూపులు తిరిగినా చేసినవాళ్ళకి ఒక్క ప్లే లెక్క రాదు, పేరు కూడా ఊడిపోతుంది, "ఎవరు పాడారో గానీ" అని ఫార్వర్డ్ అవుతుంది. ఒకరు స్పాటిఫై, ఒకరు యాపిల్, ఇంకొకరు యూట్యూబ్ వాడతారనుకుంటే ఒడెస్లీ అనే సర్వీసులో పాట లింకు పడేయండి, అన్ని యాప్‌లకీ పనికొచ్చే ఒకే లింకు ఇస్తుంది. లింకుతో పాటు ఒక్క లైను రాయండి, ఎందుకు పంపుతున్నారో. ఉత్త లింకుని ఎవరూ నొక్కరు, మీరూ నొక్కరు కదా. అందరికీ ఒకేసారి పంపే బదులు "బావా, నువ్వు డప్పు వాయించేవాడివి కదా, ఇది 1:10 దగ్గర విను" అని ఒక్కరికే పంపితే వింటారు.

తెలుగు లిపిలో రాయండి, కళాకారుల పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒకసారి పెట్టండి. తెలుగులో వెతికేవాళ్ళకీ ఇంగ్లీషులో వెతికేవాళ్ళకీ మీరు రాసింది దొరుకుతుంది.

డబ్బు, ప్లేల లెక్క

2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి ప్లేలు ఉంటేనే డబ్బు లెక్కలోకి వస్తుంది. అంటే పెద్దవాళ్ళకి మీ ప్లే ఒక చుక్క, చిన్నవాళ్ళకి గీత దాటడమో దాటకపోవడమో. అలాగని అన్నకి సాయం చేద్దామని రాత్రంతా మ్యూట్‌లో తిప్పకండి. దొంగ ప్లేలని పసిగడితే స్పాటిఫై వాటిని తీసేస్తుంది, మరీ ఎక్కువైతే పాట ఎక్కించిన డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే డిస్ట్రోకిడ్ లాంటివాళ్ళకి, జరిమానా వేస్తుంది, అది తిరిగి తిరిగి కళాకారుడి మీదే పడుతుంది. మామూలుగా వినండి, సేవ్ చేసుకోండి, మీ ప్లేలిస్టులో పెట్టుకోండి, చాలు.

కొనగలిగితే కొనండి. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, టీషర్టులు, రికార్డుల్లాంటి వాటి మీద 10 శాతం తీసుకుంటుంది. 2020 మార్చిలో కరోనా అప్పుడు మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో తన వాటా వదులుకుంటుంది. అది అమెరికా పశ్చిమ తీరం టైం ప్రకారం, కాబట్టి మనకి ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒంటిగంటన్నరకో మొదలై శనివారం మధ్యాహ్నం దాకా ఉంటుంది. కొన్నాక ఫైళ్ళు దింపి మీ దగ్గర పెట్టుకోండి. ఆ కంపెనీ 2022లో ఎపిక్ గేమ్స్ చేతికి, 2023లో సాంగ్‌ట్రేడర్ చేతికి వెళ్ళింది, రెండోసారి చేతులు మారినప్పుడు సగం మంది ఉద్యోగాలు పోయాయి, ఏ సైటు ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక చిక్కు. బ్యాండ్‌క్యాంప్‌లో డబ్బు కళాకారుడికి పేపాల్ ద్వారా చేరుతుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి దేశం లోపల చెల్లింపులు ఆపేసింది, కాబట్టి ఇక్కడి మనిషి ఇక్కడి బ్యాండ్‌కి దాని ద్వారా డబ్బు పంపడం కుదరదు. అలాంటప్పుడు కళాకారుడికి మెసేజ్ పెట్టి యూపీఐలో పంపి ఫైళ్ళు తీసుకోవచ్చు, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ అక్కకి, తమ్ముడికి ఈ ఇబ్బంది లేదు, పండక్కి మీకేం కావాలని అడిగినప్పుడు ఆల్బమ్ లింకు పంపండి.

ఓపిక ఉన్నవాళ్ళకి ఇంకో పని

మ్యూజిక్‌బ్రెయిన్జ్ అని ఎవరైనా దిద్దగలిగే సంగీత డేటాబేస్ ఒకటుంది, వికీపీడియాలాగా. చాలా యాప్‌లు, ప్లేయర్లు అక్కడి వివరాలే వాడుకుంటాయి. తెలుగు సొంత పాటలు అందులో చాలావరకు లేవు, ఉన్నా పేర్లు వంకరటింకరగా ఉన్నాయి. ఖాతా తెరిచి మీకు నచ్చిన బ్యాండ్‌ని వెతకండి, లేకపోతే చేర్చండి, ఆల్బమ్, విడుదల సంవత్సరం, పాటల నిడివి, ఎవరు ఏం వాయించారు అన్నవి ఆల్బమ్ పేజీ చూసి ఎక్కించండి. పేరుకి అలియాస్ అని ఒక గడి ఉంటుంది, అందులో తెలుగు లిపి పేరు, జనం రాసే మిగతా ఇంగ్లీషు స్పెల్లింగులు అన్నీ వేయండి, ఆ హెచ్ గొడవ అక్కడితో కొంత తీరుతుంది. మార్పు పెట్టేటప్పుడు కింద ఎక్కడ చూసి రాశారో లింకు ఇవ్వండి. కొన్ని మార్పులు అప్పటికప్పుడే ఎక్కుతాయి, మిగతావి ఏడు రోజులు ఓటింగ్‌కి ఉంటాయి, ఎవరూ కాదనకపోతే ఆ తర్వాత వాటంతటవే ఎక్కేస్తాయి.